గోడ మీద గీతలు, జిమ్ములో అద్దం

2008లో ఒక సోమవారం డ్యూటీకి తయారవుతూ పైట పిన్ను పెట్టుకుంటుంటే, కుడి రొమ్ములో చంక వైపు గట్టిగా ఏదో వేలికి తగిలింది. నొప్పి లేదు. మరొకరైతే వదిలేసేవారేమో. పదో తరగతితో బడి మానేసినా, అనకాపల్లి గ్రంథాలయంలో ఆరోగ్యం అల్మరా మొత్తం చదివినదాన్ని నేను. నొప్పి లేని గడ్డను అసలు వదలకూడదని అక్కడే తెలుసుకున్నాను. ఆ రోజు అచ్యుతాపురం కంపెనీ బస్సు ఎక్కలేదు, ఆసుపత్రికి వెళ్ళాను.

మామోగ్రామ్, బయాప్సీ అయ్యాయి. క్యాన్సరే. విశాఖలో డాక్టరుగారు రిపోర్టు చూసి, "తొందరగా వచ్చావమ్మా, అదృష్టవంతురాలివి" అన్నారు.

"అదృష్టం కాదండీ, చదువు" అన్నాను.

మాస్టెక్టమీ చేసి, అంటే ఆ రొమ్ము తీసేసి, చంకలో నోడ్స్ అనే చిన్న గ్రంథులు కూడా తీశారు. డిశ్చార్జి రోజు ఫిజియో మేడమ్, ఆ పక్క చెయ్యి బిగుసుకుపోకుండా ఒక ఎక్సర్‌సైజ్ చూపించారు. గోడకు ఎదురుగా నిలబడి, వేళ్ళను మెల్లగా పైకి నడిపించాలి. "నెల తర్వాత వచ్చి చేసి చూపించు" అన్నారు. నేను వెళ్ళలేదు. గ్రంథాలయం పుస్తకంలో అదే బొమ్మ ఉంది, ఇంకేం చూపించాలి అనుకున్నాను.

కీమో నడుస్తున్నన్ని నెలలూ ఇంట్లోనే చేశాను. పొద్దున ప్రార్థనకు వచ్చే చర్చి సంఘం ఆడవాళ్ళు వెళ్ళాక, లోపలి గదిలో తలుపు వేసుకుని చేసేదాన్ని. వేలు ఎంతవరకు వెళితే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టేదాన్ని. గీతలు వారం వారం పైకి పోతున్నాయి. క్రిస్మస్‌కు మా అత్త ఇంటికంతా సున్నం వేయిస్తుంటే, ఆ జానెడు గోడ ముట్టుకోవద్దని గొడవపడి ఆపించాను.

జనవరిలో రేడియేషన్‌కు పిలిచారు. టేబుల్ మీద పడుకోబెట్టి, చెయ్యి తల పైకి పెట్టమన్నారు. రాలేదు. రెండోసారీ రాలేదు. డాక్టరుగారు, "చెయ్యి ఈ పొజిషన్‌లో ఉంటేనే రేడియేషన్ ఇవ్వగలం. మూడు వారాలు టైమిస్తాను. ఇంకా లేటయితే మంచిది కాదు" అన్నారు.

ఏడుస్తూనే ఫిజియో మేడమ్ దగ్గరికి వెళ్ళాను. గోడ దగ్గర చేసి చూపించమన్నారు. చేశాను.

"కాళ్ళు చూసుకో. మడమలు లేచాయి, నడుం వంగింది, భుజం చెవి దగ్గరికొచ్చింది. చెయ్యి లేవడం లేదమ్మా, నువ్వు లేస్తున్నావు."

ఇన్ని నెలల గీతలూ అబద్ధమే.

అద్దం ముందు చెయ్యాలనీ, పక్కన ఒకరుండి చూడాలనీ, పుల్లీ ఉంటే ఇంకా మంచిదనీ చెప్పారు. బరువులు మాత్రం ముట్టొద్దన్నారు. అవన్నీ మా ఊళ్ళో ఉన్నది జిమ్ములోనే.

"మగోళ్ళ మధ్యన ఏటి సేత్తావే? రేపు సంఘంలో నాను తలెత్తుకోవాలా వద్దా?" అంది అత్త.

"ముందు నన్ను సెయ్యెత్తనీ అత్తా, నీ తల సంగతి తర్వాత సూద్దాం."

మా ఆయన మెత్తగా, "ఇంట్లోకే పెద్దద్దం కొనేత్తాను కదా" అన్నాడు.

"ఇంట్లో నాను అబ్బా అంటే సాలు, మీయమ్మ పరిగెత్తుకొచ్చి సెయ్యి దించేత్తాది. నువ్వూ అంతే."

మర్నాడు పదకొండు గంటలకు, తలకు స్కార్ఫు కట్టుకుని జిమ్ముకు వెళ్ళాను. ఓనరు బాషా కంగారుపడ్డాడు. "అక్కా, ఇక్కడికి లేడీస్ ఎవరూ రారు."

"నానొచ్చేను కదా."

విషయం చెప్పాను. అడ్డంగా పరదా కడతానన్నాడు.

"పరదా వద్దు తమ్ముడూ. నాకు కావలసిందే అద్దం."

ఆపరేషన్ తర్వాత నిలువెత్తునా నన్ను నేను చూసుకున్నది ఆ రోజే. ఒక పక్క ఎత్తు, ఒక పక్క చదును. బాగా చూసుకున్నాను. తర్వాత మడమలు చూసుకున్నాను.

పుల్లీకి బరువు తీసేసి, తాడు మాత్రం ఉంచాడు బాషా. ఎడమ చేత్తో లాగితే కుడి చెయ్యి లేవాలి. "అక్కా, భుజం సెవి కాడికొచ్చేత్తంది. దించు. మళ్ళీ సెయ్" అనేవాడు. నొప్పికి కళ్ళు తిరిగితే కూర్చోమనేవాడు, ఇంటికి పొమ్మని మాత్రం ఎప్పుడూ అనలేదు. బెల్లం మార్కెట్ నుంచి వచ్చే లావుపాటి వ్యాపారి ఒకాయన నవ్వుతూ, "ఏ పోటీకమ్మా, ఇంత ప్రాక్టీసు?" అన్నాడు.

"రేడియేషన్‌కి" అన్నాను.

మూడో వారం చివర మళ్ళీ ఆ టేబుల్ మీద పడుకున్నాను. చెయ్యి తల పైకి వెళ్ళింది. దిగకుండా నిలిచింది. "అలాగే ఉంచమ్మా" అంటూ టెక్నీషియన్ ఒంటి మీద మార్కులు పెట్టాడు. సిట్టింగులన్నీ పూర్తిచేశాను.

ఇప్పుడు మళ్ళీ కంపెనీకి వెళుతున్నాను. డ్యూటీ ఉన్న రోజుల్లో ఇంట్లో మా ఆయన కొన్న అద్దం ముందు, సెలవు రోజున బాషా జిమ్ములో. మా అత్తకు ఇప్పటికీ ఇష్టం లేదు. నేను మానడమూ లేదు.

ఈ ఆపరేషన్ అయినవాళ్ళకు ఒక్క మాట. ఇంట్లో చేస్తారో, జిమ్ములో చేస్తారో మీ ఇష్టం. ఎంత చదివినవారైనా సరే, నెలకొకసారి ఫిజియో ముందు చేసి చూపించండి. ఎవరైనా చూస్తారేమోనని తలుపు వేసుకోకండి. చూసేవాళ్ళు లేకనే నాకు అన్ని నెలలు పోయాయి.