ట్రయలమ్మ కుట్టిన బొమ్మ గౌను

ఆవిడకు ఉన్నది ఒకటే జబ్బు, ట్రయల్ జబ్బు. అదీ మనుషుల బట్టలకు కాదు, బొమ్మల బట్టలకు. వీధిలో పోయే మనిషిని కిటికీలోంచి ఒక్కసారి ఎగాదిగా చూసిందంటే, టేపు ముట్టుకోకుండా కోటు కుట్టి పారేసేది. అదే ఏ పిల్లదో జానెడు బొమ్మకు గౌను కుట్టాలంటే మాత్రం రేపొకసారి, ఎల్లుండొకసారి, ఆ మర్నాడు ఇంకోసారి తొడిగి చూడాల్సిందే. వీధి వీధంతా ఆవిణ్ణి ట్రయలమ్మ అనే పిలిచేది. ఆ పిలుపుకి ఆవిడ మురిసిపోయేది కూడాను.

మధ్యలో నలిగిపోయింది మాత్రం కోడలు. ఇంటి ముందుగదే వాళ్ళ కొట్టు. కిటికీ దగ్గరి మిషను అత్తగారిది, గోడవారది కోడలిది. మూడు దాటేసరికి ఎండ ఏటవాలుగా లోపలికి దిగి, గాల్లో తేలే దూదిపింజల్ని బంగారం చేసేది. మిషన్ల చప్పుడుకి కళ్ళు వాటంతటవే మూతలు పడేవి. సరిగ్గా ఆ వేళకు బడి వదిలిన పిల్లలు బొమ్మల్ని చంకనేసుకుని గుమ్మంలో వరస కట్టేవాళ్ళు. మిగిలిన గుడ్డముక్కలతో అత్తగారు వాటికి గౌన్లూ టోపీలూ కుట్టి ఊరికే ఇచ్చేది. షరతు ఒక్కటే. బొమ్మ ఒక్కతే రాకూడదు, వెంట పిల్ల కూడా రావాలి.

ఆవిడ బొమ్మను బల్లమీద నిలబెట్టి, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని, "చంకలో పట్టేస్తోందా తల్లీ?" అని అడిగేది. అడిగి ఊరుకునేదా, జవాబు కోసం ఆగేది. బొమ్మ పలకదు కాబట్టి పిల్లే పలకాలి. ఒకసారి పిల్ల నోరు తెరిచిందా, బొమ్మ రాత్రి ఏం తిన్నదీ, ఎందుకు అలిగిందీ అన్నీ బయటికొచ్చేవి.

ఒక్కో బొమ్మకు ఒక్కో లెక్క. గడియారాల షాపాయన కూతురి బొమ్మకు ఒకే ఒక్క ట్రయల్‌తో సరి. వీధి చివర కొత్తగా దిగినవాళ్ళ పిల్ల బొమ్మకు తొమ్మిది. ఈ లెక్కేమిటో కోడలికి ఎంతకూ అంతుపట్టేది కాదు. తను కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు తనకొక చలికోటు కుట్టింది. దానికీ పదకొండు ట్రయళ్ళు. కోటు చేతికొచ్చేసరికి చలికాలం కాస్తా వెళ్ళిపోయింది. అప్పటికి ఆవిడకింకా చేయి తిరగలేదేమోలే అని కోడలు సరిపెట్టుకుంది.

ఆ ఏడు మేడమీద వాటాలోకి ఒక బస్సు డ్రైవరు దిగాడు. భార్యకు వెన్ను ఆపరేషనయి, రెండు నెలలు ఆసుపత్రి మంచం దిగకూడదన్నారట. వాళ్ళ ఏడేళ్ళ పాప మూడింటికి బడి నుంచి వచ్చి, ఆరింటికి తండ్రి వచ్చేదాకా మెట్లమీద కూర్చునేది. ఎవరు పలకరించినా పలికేది కాదు. ఒళ్ళో ఒంటికన్ను గుడ్డబొమ్మ, దాని ఒంటిమీద నూలుపోగు లేదు. ఇంత చలిలో దాన్నలా తిప్పుతారా అని ట్రయలమ్మ బుగ్గలు నొక్కుకుని, రేపే కొలతలకు తీసుకురమ్మంది.

మొదటి ఆరు ట్రయళ్ళూ పాప నోరు విప్పలేదు. అత్తగారు అడిగేది, ఆగేది, బొమ్మ ఏదో చెప్పినట్టే తలూపి కుట్టు విప్పేది. ఏడో ట్రయల్లో పాప "కొంచెం" అంది. పదోదానికల్లా బొమ్మకొచ్చిన కలల్ని పూసగుచ్చినట్టు చెప్పసాగింది. రాత్రి బొమ్మ వాళ్ళమ్మ పడుకున్న మంచం రెక్కలు ఆడించుకుంటూ మేడ దాకా ఎగిరొచ్చి, కిటికీ మూసుందని వెనక్కి పోయిందట.

"అయితే ఇవాళ కిటికీ తీసి పడుకోమను," అంది అత్తగారు, చాలా మామూలుగా.

ఇక్కడ కోడలికి ఒళ్ళు మండిపోతోంది. శనివారానికల్లా బ్యాండువాళ్ళకు పన్నెండు కోట్లు కుట్టి ఇవ్వాలి. అవతల బ్యాండు మాస్టరు తనకు ట్రయల్ ఎప్పుడని వచ్చి అడిగితే, మీకెందుకండీ, నిండుగా కనిపిస్తూనే ఉన్నారుగా అని అత్తగారు ఆయన్ని పంపించేసి, బొమ్మకు పదిహేడో ట్రయల్ మొదలుపెట్టింది. ఇలాగైతే బ్యాండువాళ్ళు బనీన్లతో వాయించుకోవాల్సిందేనని కోడలు నెత్తి కొట్టుకుంది.

గురువారం అత్తగారు గుండీల కోసం బజారుకెళ్ళిన సమయం చూసి, కోడలు ఆ గౌను తీసింది. కుట్టి విప్పి, కుట్టి విప్పి, చంకల దగ్గర గుడ్డంతా సూదిబెజ్జాలే. అరగంటలో కుట్టేసి, మెడకు లేసు కూడా వేసింది. పాప రాగానే బొమ్మకు తొడిగితే అచ్చం అతికినట్టుంది.

"చూశావా, అయిపోయింది. ఇంక నువ్వు రోజూ రానక్కర్లేదు."

బావుందంది పాప. బొమ్మను ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్ళి, దాని చెవిలో మెల్లిగా అడిగింది. "అయితే రేపట్నుంచి మళ్ళీ మెట్లమీదేనా?"

మళ్ళీ మిషను తొక్కబోయిన కోడలి కాలు అలాగే ఆగిపోయింది. టైము మూడుంపావు. తండ్రి వచ్చేది ఆరింటికి. ఉన్నట్టుండి ఆమెకు తన చలికోటు గుర్తుకొచ్చింది. కొత్త ఇల్లు, ముక్కూమొహం తెలియని మనుషులు, పొద్దున వెళితే రాత్రికి గానీ రాని భర్త. ఆ పదకొండు ట్రయళ్ళలోనే కదా, చంకలో పట్టేస్తోందా అని అడుగుతూ అడుగుతూ అత్తగారు తన పుట్టింటి కబుర్లన్నీ చెప్పించుకుంది. ఆ కోటు మొదటిరోజే సరిపోయింది. ఇన్నేళ్ళూ ఆ సంగతి తట్టనందుకు కోడలికి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

బయటికెళ్ళి పాపను చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది. బొమ్మను బల్లమీద నిలబెట్టింది.

"చంకలో పట్టేస్తోందా తల్లీ?" అని అడిగి, ఆగింది.

పాప బొమ్మ నోటి దగ్గర చెవి పెట్టి వింది. "బాగా పట్టేస్తోందట."

కోడలు కత్తెర తీసి, అరగంట కష్టాన్ని పరపరా విప్పేసింది. గుండీలతో తిరిగొచ్చిన అత్తగారు ఆ గౌనుకేసి, కోడలి పెదాల మధ్య సూదులకేసి చూసింది. ఇదేమిటని అడిగింది.

"సరిగ్గా కుదర్లేదత్తయ్యా. బొమ్మల పనికి మీకింకా చేయి తిరగలేదు."

"అయితే నువ్వే చూసుకో," అని అత్తగారు నవ్వుతూ కూర్చుని, బ్యాండు కోటు ముందుకు లాక్కుంది. శనివారం బ్యాండువాళ్ళు కోట్లతోనే వాయించారు.

బొమ్మ గౌను మాత్రం తెమల్లేదు. పాప వాళ్ళమ్మ కర్ర పట్టుకుని, మెల్లిగా నడుచుకుంటూ కొట్టు గుమ్మంలోకి వచ్చిన రోజున, ముప్ఫై నాలుగో ట్రయల్లో, ఇప్పుడు ఎక్కడా పట్టడం లేదని బొమ్మ చెప్పింది.