నర్సక్క బండికి పికప్

మా వీధిలో అతన్ని పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ పికప్పే. ఎవరు ఏ బండి తెచ్చినా, ఆఖరికి పంక్చరు వేయించుకోవడానికి తెచ్చినా సరే, ఓసారి యాక్సిలరేటర్ మెలితిప్పి, చెవి పక్కకు వంచి విని, "దీనికి పికప్ లేదే" అని పెదవి విరిచేవాడు. వినీ వినీ జనం ఆ మాటనే అతనికి పేరు చేసేశారు. వాళ్లావిడ కూడా ఎవరికైనా ఫోన్ చేస్తే "పికప్ గారింటి నుంచి" అని చెప్పేది, ఏమాత్రం నవ్వకుండా.

అతని మెకానిక్ షెడ్డుకూ నా టైలరింగ్ షాపుకూ మధ్య ఒకటే గోడ. ఇరవై రెండేళ్ల పొరుగు. అతను ఇంజన్ రేజ్ చేస్తే నా మిషన్ మీద దారపు రీళ్లు దొర్లి కింద పడేవి. ఓసారి ఒక ఆఫీసరు గారి కోటు జేబు వంకరపోయిందంటే అది నా చేతి తప్పు కాదు, ఇతగాడి సైలెన్సరు తప్పు. ఆ సంగతి ఆఫీసరు గారికి ఎంత చెప్పినా చెవికెక్కలేదు. అయినా పనిమంతుణ్ని పనిమంతుడు కాదంటే కళ్లు పోతాయి. ఇంజన్ దించాడంటే ఒక్కో నట్టూ, ఒక్కో బోల్టూ ఊడదీసిన వరసలోనే పాత రేకు పళ్లెంలో పేర్చుకునేవాడు. నా దగ్గర మిగిలిన గుడ్డముక్కలు పట్టుకెళ్లి చేతులు తుడుచుకునేవాడు, అది కూడా నూలువే కావాలి. బండి ఆఖరికి సిద్ధమయ్యాక తనే కిక్ కొట్టి, తనే విని, తనే తల ఊపేవాడు. మనిషి ఎనభై అయిదు కిలోలు. అతను ఎక్కి నిలబడితే స్టార్ట్ కానని మొరాయించే ఇంజన్ ఎక్కడుంటుంది?

అతనికి ఒక్కతే అక్క. ఆస్పత్రిలో నర్సు. అతనికంటే ఎనిమిదేళ్లు పెద్దది. వాళ్లమ్మ మంచాన పడ్డాక ఇతన్ని చంకనేసుకుని తిరిగింది, బడికి పంపింది, బడి ఎగ్గొట్టి వర్క్‌షాపు ముందు నిలబడితే రెండు దెబ్బలు వేసి, మర్నాడు తనే తీసుకెళ్లి అదే వర్క్‌షాపులో పనికి పెట్టింది. చూస్తే గుప్పెడంత మనిషి. టీకాల పెట్టెతో కలిపి తూచినా యాభై కిలోలు దాటదు.

ఆవిడది కొండ డ్యూటీ. కొండ మీద ఏడు పల్లెలున్నాయి. కింది అయిదింటికీ జీపు వెళుతుంది, పై రెండింటికీ కాలిబాట తప్ప మరోటి లేదు. ఆ డ్యూటీ పడితే మిగతా నర్సులు సిఫార్సు కాగితాలు పట్టుకుని తిరిగేవాళ్లు. ఈవిడకేమో కింద వార్డులో వేస్తామని మూడుసార్లు అడిగినా వద్దంది. కొండబాటల కోసమే తయారుచేసిన చిన్న బండి ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కుంది. ఎత్తు చక్రాలు, పళ్లున్న టైర్లు, తేలికపాటి ఇంజన్. సీటు మీద కూర్చుంటే మునివేళ్లు మాత్రమే నేలకు ఆనేవి. అయినా కొండ మేకలా ఎక్కేసేది.

"ఆస్పత్రిలో అరుపులు, ఇంట్లో అరుపులు మాస్టారూ" అంది ఓసారి, యూనిఫాం ప్యాంటు కొలతలిస్తూ. "ఆ కొండెక్కుతున్నంత సేపే నన్నెవరూ పిలవరు. పైకెళ్లాక మాత్రం నేనొచ్చానని పిల్లలు పరిగెత్తి పారిపోతారు, సూది అనుకుని. నాకదే సరదా. రిటైరయ్యేదాకా ఆ కొండ నాదే."

ఆవిడ కోరుకున్నదల్లా అంతే. ఆ కొండ చేజారిపోవడానికి ఆవిడ మీద ప్రాణం పెట్టుకున్న తమ్ముడే కారణమయ్యాడు.

ఒకరోజు ఆవిడ షెడ్డు ముందు బండి ఆపి, "ఒరేయ్ తమ్ముడూ, పై ఊరి ముందు ఆఖరి ఎత్తు దగ్గర మూలుగుతోందిరా. ఫస్టు గేరులో కూడా ఓ పది గజాలు దిగి తొయ్యాల్సొస్తోంది. ఏమన్నా చూస్తావా?" అంది.

"మూలగడమేంటక్కా, పాట పాడిస్తాను చూడు. ఓ పది రోజులు నాకొదిలెయ్" అన్నాడు.

పది గజాలు తొయ్యాల్సొస్తోందని ఆవిడ అంది. బండికి పికప్ లేదని ఇతను విన్నాడు.

ఎదురుగా లేత్ షాపు పెద్దాయన ఉన్నాడు. ఆయన సిగరెట్టు ఆర్పుతూ, "దానికింత హంగామా ఎందుకోయ్? ముందరి చైన్ చక్రంలో ఒక్క పన్ను తక్కువున్నది వెయ్యి. అరగంట పని. స్పీడు కాస్త తగ్గుతుంది గానీ ఎత్తు చక్కగా ఎక్కుతుంది" అన్నాడు.

"పళ్లు పీకడానికి నేనేమన్నా పళ్ల డాక్టర్నా బాబాయ్?" అన్నాడు పికప్. అందరం పగలబడి నవ్వాం. నేనూ నవ్వాను.

అతని బాధ నాకర్థమయ్యేది. జీవితంలో అక్కకు ఇవ్వదగ్గది అతని దగ్గరేముంది? చేతిలో పని ఒక్కటే ఉంది. అడక్క అడక్క ఆవిడ ఒక్కటి అడిగితే అరగంట పని చేసి చేతులు దులుపుకుంటాడా? సిలిండర్ లోపలి రంధ్రం వెడల్పయ్యేలా బోరు చేయించాడు. తల ఉబ్బెత్తుగా ఉన్న పెద్ద పిస్టన్ ఎక్కడినుంచో తెప్పించాడు. సిలిండర్ పై మూత, అదే హెడ్డు, గీయించి పలచన చేయించాడు, లోపల పెట్రోలూ గాలీ మరింత బిగుతుగా నొక్కుకుని గట్టిగా పేలాలని. కార్బరేటర్ పెద్దది వేశాడు. పొగ వెళ్లే దారిని చేత్తో రుద్ది రుద్ది అద్దంలా చేశాడు. పది రోజులన్నవాడికి పదిహేడు రోజులు పట్టింది. అన్ని రోజులూ వచ్చిన బేరాలన్నీ వెనక్కి పంపించాడు.

పద్దెనిమిదో రోజు పొద్దున కిక్ మీద ఎక్కి నిలబడ్డాడు. రెండో తన్నుకు అందుకుంది. వీధి వీధంతా బయటికొచ్చింది. నా దారపు రీళ్లు ఎప్పటిలాగే కింద పడ్డాయి, ఆ ఒక్కరోజు నేను తిట్టలేదు. పై ఊరిదాకా వెళ్లొచ్చి, "రెండో గేరులో మాస్టారూ! రెండో గేరులో ఎక్కేసింది!" అంటూ పసిపిల్లాడిలా గెంతాడు.

సాయంత్రం ఆవిడ వచ్చింది. ఇతను తనే కిక్ కొట్టి, నడుస్తున్న బండిని ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ వీధి చివరిదాకా వెళ్లొచ్చి, "అమ్మో, ఎగిరిపోతోందిరా!" అంది. ముఖం వెలిగిపోయింది. ఇంజన్ ఆపకుండానే ఇంటికెళ్లిపోయింది.

ఆవిడ చేత ఒక్కసారి కిక్ కొట్టించి ఉంటే సరిపోయేది. చొక్కా కుట్టి దాన్ని నేనే తొడుక్కుని, సరిపోయిందని గిరాకీకి పంపిస్తానా? అప్పుడు ఆ ఆలోచన నాకూ రాలేదు.

ఆ తర్వాత కొన్ని చూశాను. చూసి ఊరుకున్నాను. ఆవిడ ఆస్పత్రి ముందు బండి పెట్టడం మానేసింది. రెండు వీధుల అవతల గోదాము ముందు ఏటవాలు ఉంటే అక్కడ పెట్టి నడిచి వెళ్లేది. సాయంత్రం బండెక్కి ఆ పల్లంలో దొర్లించుకుంటూ వచ్చి, క్లచ్ వదిలితే స్టార్టయ్యేది.

"ఏమ్మా, కాలు నొప్పెడుతుందని నేల చేత స్టార్ట్ చేయిస్తున్నావా?" అని ఎగతాళి చేశాను.

"పెట్రోలు ఆదా మాస్టారూ" అని నవ్వేసింది. నేను నమ్మేశాను.

ఆ ఏడాదిలో ఆవిడ యూనిఫాం ప్యాంటు రెండుసార్లు చిరిగింది. రెండుసార్లూ కుడికాలే, రెండుసార్లూ పిక్క మీద, ఒకే జాగాలో. చుట్టూ గ్రీజు మరక. నేనే మాటు వేశాను. రెండోసారి లోపల రక్తం మరక కూడా ఉంది. అడిగితే మంచం కోడు తగిలిందంది. మంచం కోడుకు గ్రీజెందుకుంటుందని ముప్పయ్యేళ్లుగా గుడ్డ చూసే నాకు తట్టలేదా? తట్టింది. మనకెందుకులే అనుకున్నాను.

ఏడాది తిరగకుండానే ఆవిడ తనంతట తనే అర్జీ పెట్టుకుని కొండ డ్యూటీ వదిలేసింది. ఆస్పత్రిలో మందుల గదిలో కుర్చీ తీసుకుంది. మోకాళ్లు సహకరించడం లేదంది. బండి తెచ్చి తమ్ముడి షెడ్డులో పెట్టి, "నువ్వు వాడుకోరా, ఇంత మంచి బండి నా దగ్గరెందుకు మూలపడాలి" అని చెప్పి వెళ్లిపోయింది.

పికప్ చిన్నబుచ్చుకున్నాడు. "ఇన్నాళ్లూ మూలిగే బండి మీద ఎక్కింది. గుర్రంలాంటిది చేసిచ్చాక వద్దంటుందేంటి మాస్టారూ?" అని నా దగ్గర వాపోయేవాడు. బండి మీద పట్టా కప్పేశాడు.

నాలుగు నెలలు పోయాక పై ఊరి మనిషి ఒకడు చేలో పురుగుమందు కొట్టే పంపు బాగు చేయించుకోవడానికి షెడ్డుకొచ్చాడు. గాలికి పట్టా తొలిగి ఉంది. "ఇది నర్సమ్మ బండి కదూ!" అని దగ్గరికెళ్లి దాని సీటు నిమిరాడు. "దీన్ని మా ఊళ్లో మగాళ్లం వంతులేసుకుని తన్నేవాళ్లం."

"తన్నడమేంటి?" అన్నాడు పికప్.

"కిక్కు సారూ. మా ఊరు బల్లపరుపు నేల కదా, దిగే బాటేమో రాళ్లూ గుంటలూ, దొర్లించి స్టార్ట్ చేయడానికి కుదరదు. ఆవిడ బరువుకి ఆ బిగుతు కిక్కు రాడ్డు కిందికి దిగేది కాదు. అందుకని ఇంజను ఆపకుండానే పిల్లలకి సూదులేసేది. ఎప్పుడైనా ఆగిపోతే అంతే సంగతులు. మేం పనులకెళ్లిపోతే, మేం తిరిగొచ్చేదాకా అరుగు మీద కూర్చునేది పాపం. ఓ రోజు రాడ్డు ఎదురు తన్ని పిక్క చీరేసింది. మాకు కట్లు కట్టే మనిషికి మా ఆడాళ్లు కట్టు కట్టారు. మీ తమ్ముడికి చెప్పండమ్మా అంటే వినదే! 'వాడెంతో ముచ్చటపడి చేశాడు, వాడికి తెలియకూడదు' అనేది. ఇప్పుడొచ్చే నర్సు జీపు దిగదు. మా రెండూళ్ల పిల్లల్నీ మేమే కిందికి మోసుకొస్తున్నాం."

అతను పంపు తీసుకుని వెళ్లిపోయాక కూడా పికప్ తన స్టూలు మీదనుంచి లేవలేదు. నేను గోడవతలనుంచి అంతా విన్నాను. వెళ్లి పక్కన నిలబడ్డాను.

"మీకు తెలుసా మాస్టారూ?"

తెలియదని నోటిదాకా వచ్చింది. మింగేసి, ప్యాంటు సంగతి చెప్పాను.

"రెండుసార్లా?" అన్నాడు. నన్నొక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడే ఇంజన్ దించాడు. బోరు చేసిన సిలిండర్ మళ్లీ చిన్నది కాదు. మొదటి కొలతది ఇంకొకటి దొరకడానికి నెలన్నర తిరిగాడు. చిన్న పిస్టన్, చిన్న కార్బరేటర్, మామూలు హెడ్డు, అన్నీ మళ్లీ మొదటికి తెచ్చాడు. లేత్ షాపు పెద్దాయన దగ్గరికెళ్లి తల దించుకుని నిలబడి, ఒక పన్ను తక్కువున్న చైన్ చక్రం అడిగి తెచ్చుకున్నాడు. అంతా బిగించాక కిక్ మీదికెక్కలేదు. పక్కన గొంతుక్కూర్చుని రాడ్డును అరచేత్తో నొక్కాడు. చేతి బలానికే స్టార్టయింది. రేజ్ చేయకుండా ఆపేశాడు.

ఆదివారం పొద్దున బండి నడిపించుకుంటూ వాళ్లక్క ఇంటికి వెళ్లాడు. తోడు రమ్మంటే నేనూ వెళ్లాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని చెప్పులకు బురద తుడుస్తోంది. ఇతను స్టాండ్ వేశాడు.

"అక్కా, ఒక్కసారి కిక్ కొట్టు" అన్నాడు.

ఆవిడ అతని వంకా నా వంకా చూసింది. "ఎవరు చెప్పార్రా నీకు?"

"ముందు కొట్టక్కా."

ఆవిడ లేచి, చీపురుపుల్లలాంటి ఆ కాలు రాడ్డు మీద పెట్టింది. పెట్టేముందు భుజాలు బిగపట్టడం చూశాను, ఎదురు తన్నుతుందని. ఒక్క తన్నుకే అందుకుంది. అదే పాత చప్పుడు. ఆవిడ చెయ్యి దానంతటదే యాక్సిలరేటర్ మీదికి పోయింది.

"చెప్పొచ్చుగా అక్కా" అన్నాడతను.

"చెబుదామనే వచ్చేదాన్నిరా ప్రతిసారీ. నేను నోరు తెరిచేలోపు నువ్వే 'ఎలా లాగుతోందక్కా?' అనేవాడివి. బాగానే లాగుతోంది కదా మరి. లాగట్లేదని ఎలా చెప్పను?"

అతను ముంజేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "రేపే ఆఫీసులో అడుగు. మళ్లీ కొండకి వేయించుకో. నేనొచ్చి మాట్లాడతాను. ఎవరి కాళ్లయినా పట్టుకుంటాను."

"కాళ్లు పట్టుకున్నా లాభం లేదురా. నేను దిగాక బండి మీద ఎవరూ పోమన్నారని ఆ బండి డ్యూటీనే తీసేశారు. పై రెండూళ్లూ జాబితాలో లేవు. మందుల గదిలో కూర్చుని ఆ కాగితం నేనే ఫైల్లో పెట్టాను."

ఆవిడ తాళం తిప్పి ఇంజన్ ఆపింది. సీటు మీద చెయ్యి వేసి, "బాగా చేశావురా. చాలా బాగా చేశావు. ఇప్పుడు ఇదెక్కి నన్నెక్కడికి వెళ్లమంటావు?" అంది.

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. ఏదన్నా చెబుతాడేమోనని తమ్ముడి ముఖంలోకి చూస్తూ నిలబడింది.