గోడెక్కే కారుకు ఓ బండి

మా అల్లుడు సుధీర్ ఒంట్లో ఎముకలకన్నా ఇనుమే ఎక్కువ. మెడకింద ప్లేటు, తొడలో కడ్డీ, చీలమండలో మేకులు. ప్రతి ఇనప ముక్కకూ ఒక ఊరి తిరనాళ్ళ పేరు ఉంది. చలికాలం వస్తే ఆ ఊళ్ళన్నీ ఒకేసారి సలుపుతాయంటాడు. ఎడమ కనుబొమ మీద గాటు ఒక్కటే తిరనాళ్ళది కాదు. అది నా అట్లకాడది.

అతని పని చెప్పాలంటే ముందు బావి సంగతి చెప్పాలి. ఎగ్జిబిషన్లలో చెక్కలతో గుండ్రంగా, రెండంతస్తుల మేడంత ఎత్తున ఒక బావి కడతారు. అందులో నీళ్ళుండవు. జనం మెట్లెక్కి పైఅంచు చుట్టూ నిలబడి లోపలికి తొంగిచూస్తారు. అడుగున కారు బయల్దేరి, రెండు చుట్లు తిరిగి, గోడెక్కేస్తుంది. సైలెన్సర్ పీకేసిన పాత మారుతి కారు. ఆ చప్పుడుకి పళ్ళు అదురుతాయి. గోడకు అడ్డంగా అంటుకుని గిరగిరా తిరుగుతూ అంచుదాకా వస్తుంది. అప్పుడు మా అల్లుడు కిటికీలోంచి నడుందాకా బయటికి వచ్చి, జనం చాచిన చేతుల్లోంచి నోట్లు లాక్కుంటాడు. జనం కారు తిరగడం చూడ్డానికి వస్తారనుకునేదాన్ని. పడితే చూద్దామని వస్తారు. కోడిపందేల బరి దగ్గర కూడా ఇవే మొహాలు.

సుధీర్‌ది తెనాలి ఐతానగర్. మీసం రాకముందే ఎగ్జిబిషన్ వాళ్ళ వెంట పారిపోయాడు. ఆట నేర్పిన ఉస్తాదు ఫ్యాన్ బెల్టు పట్టుకుని నేర్పాడు. "గోడ మీద భయపడి కాలు ఎత్తితే కిందపడి చస్తావు, పడి బతికితే నా చేతిలో చస్తావు, ఏది కావాలో చూసుకో" అనేవాడట. అదే అతని చదువు. నాది మూడో తరగతి కాబట్టి వెక్కిరించను.

ఎగ్జిబిషన్ తెనాలికి వచ్చిన ఏడు గేటు పక్కన నా టిఫిన్ బండి ఉండేది. రోజూ వచ్చి పెసరట్టు తినేవాడు. అట్టుకన్నా మా ప్రశాంతినే ఎక్కువ చూసేవాడు. ఒకనాడు పెనం మీద కాలుతున్న అట్లకాడ తీసి మొహాన కొట్టాను. కంట్లోకి నెత్తురు కారుతుంటే మోచేత్తో తుడుచుకుని, "ఇంకో అట్టు వెయ్యండత్తా" అన్నాడు. కొడితే పారిపోనివాణ్ణి ఏం చేస్తాం, పిల్లనిచ్చాను. అల్లుణ్ణి 'మీరు' అనాలంటారు మావాళ్ళు. నా చేత్తో నెత్తురు కళ్ళజూసినవాణ్ణి 'మీరు' అనడం నాకు చేతకాదు.

సుధీర్ తమ్ముడు శ్యామ్ కూడా ఆ కారే తోలేవాడు. గోడ మీద పాటలు పాడేవాడు, ఆ చప్పుడులో ఎవరికీ వినపడదని తెలిసి కూడా. రెండేళ్ళ కిందట బాపట్ల ఎగ్జిబిషన్ అయ్యాక కారును ఇంకో ఊరికి పంపాల్సి వచ్చింది. దానికి కాగితాలు లేవు, లైట్లు లేవు. రోడ్డెక్కితే పోలీసులు ఊరుకోరు. ఏ ఊరికైనా ఇంకో బండి మీదే పోవాలి. గడ్డి తోలే లారీ దొరికింది, ఎక్కించారు.

మా వైపు లోడు కట్టడమంటే ఒక్కటే విద్య. గడ్డి అయినా ధాన్యం బస్తాలయినా నెత్తి మీదుగా మోకు వేసి, మోకులో కర్ర దూర్చి, కిర్రుమనేదాకా మెలితిప్పుతారు. గడ్డి అణుగుతుంది, బస్తా అణుగుతుంది, మోకు సర్దుకుంటుంది. కారునూ అలాగే కట్టారు. కారు స్ప్రింగుల మీద కూర్చునే వస్తువు. నెత్తిన మోకు బిగించి గుంటల రోడ్డు మీద కుదిపి కుదిపి తీసుకెళ్ళేసరికి ముందు చక్రం దగ్గర ఏదో కాస్త వంగింది. కంటికి ఆననంత. అక్కడ దించాక సుధీర్ చెయ్యి పెట్టి తడిమి, "ఏం కాలేదు" అన్నాడు. ఆ సాయంత్రం శ్యామ్ గోడెక్కాడు.

పిల్ల పెళ్ళయ్యాక నా టిఫిన్ బండీ వాళ్ళ వెంటే ఊళ్ళు తిరిగేది. నేను బావి బయట అట్లు పోస్తున్నాను. చప్పుడు ఆగిపోయింది. మెల్లగా తగ్గి ఆగలేదు, నరికినట్టు ఆగింది. లోపలికి వెళ్ళేసరికి కారు వెల్లకిలా పడి ఉంది, చక్రాలు ఇంకా తిరుగుతున్నాయి. శ్యామ్ తల స్టీరింగుకీ పైరేకుకీ మధ్య ఉంది. రేకు కోసి తీశారు. పైన ఒకడు ఇంకా ఫోన్లో తీస్తూనే ఉన్నాడు. సుధీర్ మెట్లెక్కి వాడి గొంతు పట్టుకుని, అంచు మీదుగా నడుందాకా వంచేశాడు. పదిమంది లాగితేగాని చెయ్యి రాలేదు. వాడి మెడ మీద అయిదు వేళ్ళూ అచ్చు పడ్డాయి. మంచి పని చేశాడనే ఇప్పటికీ అంటాను.

తర్వాత సుధీర్ కారును రేపల్లెలో మూతపడిన ఓ రైసుమిల్లు గోడౌనులో పెట్టి, తన చేత్తోనే బాగు చేసుకుని, టార్పాలిన్ కప్పాడు.

మొన్న కోతల కాలంలో మధ్యప్రదేశ్ నుంచి ఫోను వచ్చింది. పెద్ద మేళా, బావి వాళ్ళదే, కారూ మనిషీ కావాలి. మొదటి ఆటకు అందకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. సుధీర్ వెళ్ళి టార్పాలిన్ తీశాడు. ప్రశాంతి ఏడ్చింది, ఏడ్చి సంచులు సర్దింది. నేనొక్క మాట చెప్పాను.

"నేను సరే అన్న బండి మీదే కారు ఎక్కుతుంది."

"బండ్ల గురించి నీకేం తెలుసత్తా?"

"శవాల గురించి తెలుసు. పద."

తెనాలిలో చెడిపోయిన కార్లను లాక్కెళ్ళే బండి చూశాం. ముందు చక్రాలు ఎత్తి పట్టుకుని, వెనక చక్రాలు రోడ్డు మీద ఈడుస్తుంది. "అంత దూరం ఈడ్చుకెళ్ళడానికి ఇదేమన్నా చచ్చిన గేదా?" అన్నాను. బండివాడు ఫోను చూసుకోసాగాడు.

వరికోత మిషన్లను మోసే ట్రైలర్ ఉందంటే రైలెక్కి బాపట్ల వెళ్ళాం. కోతలు జోరుగా ఉన్నాయి, ఏ ట్రైలరూ ఖాళీగా లేదు. ఖాళీగా ఉన్న ఒక్కటీ ఎందుకు ఖాళీగా ఉందో చూడగానే తెలిసింది. అడుగు రేకు గుంటలు పడి, నడిమధ్య కన్నంలోంచి రోడ్డు కనిపిస్తోంది. ఓనరు కొడుకు నల్లకళ్ళజోడు తియ్యకుండానే మాట్లాడాడు.

"మామ్మగారూ, కారు చక్రాలు అటో వరసా ఇటో వరసా ఉంటాయి. కన్నం మధ్యలో ఉంది. ఏమవుతుందండి?"

"నీ నోరూ మొహానికి మధ్యలోనే ఉంది నాయనా. ఏమవుతుందో వింటున్నాంగా."

లోపల్నుంచి వాళ్ళ నాన్న స్పానర్ పుచ్చుకుని లేచాడు. సుధీర్ నా రెక్క పట్టుకుని స్టేషన్‌దాకా నడిపించాడు.

"అత్తా, నాకు కావాల్సింది ట్రైలరు. తగువు కాదు."

"రెండూ ఒకచోటే దొరుకుతాయి అల్లుడూ, ఈ జిల్లాలో."

చివరికి రేపల్లెలో బాబూరావు ట్రైలర్ దొరికింది. నిజాంపట్నం హార్బరుకు పడవ ఇంజన్లు మోసే బండి. కిందికి ఉంది, వెడల్పుగా ఉంది. చెప్పులు విడిచి ఆ చివర్నుంచి ఈ చివరికి నడిచి చూశాను. కాలికి ఎక్కడా ఎగుడుదిగుడు తగల్లేదు. బాబూరావు బాన పొట్టేసుకుని, బీడీ నోట్లో పెట్టుకుని నవ్వుతూ చూస్తున్నాడు. బస్తాలు మోసే ముఠాకు మేస్త్రి కూడా ఆయనే. సరే అన్నాను.

ఎక్కించేనాడు మిల్లు ఆవరణలో కారును నెట్టి ట్రైలర్ మీదికి చేర్చారు. "చక్రాలను కట్టాలి, ఒంటిని వదిలెయ్యాలి. అది ఊగుతుంటేనే క్షేమం" అని బాబూరావుకు చెప్పి, సుధీర్ బెల్టులు పట్టుకుని కారు కిందికి వెల్లకిలా దూరాడు. బాబూరావు తల ఊపాడు. తల ఊపడానికేం ఖర్చు. ఆ ఆవరణలో ఏ లోడు లేచినా ముఠావాళ్ళే తమ పద్ధతిలో కట్టాలి, అది వాళ్ళ కట్టుబాటు. సుధీర్ కాళ్ళు అటువైపు ఉంటే, ఇటువైపునుంచి ముఠా కుర్రాళ్ళిద్దరు కారు నెత్తి మీదుగా మోకు విసిరి, సరుగుడు కర్ర దూర్చి తిప్పడం మొదలుపెట్టారు. కారు కిందికి దిగింది. ఇంకో తిప్పు. ఇంకా దిగింది.

అప్పుడు సుధీర్ కాళ్ళు చూశాను. మడమలు రేకును తన్నుతున్నాయి. గొంతు రావడం లేదు.

"ఆపండ్రా, కింద మనిషున్నాడు" అన్నాను.

"బండి నాది, కట్టు నాది మామ్మా" అన్నాడు బాబూరావు, అటువైపు చూడకుండానే. "దారిలో జారితే పేరు పోయేది నాకు."

కుర్రాళ్ళ చేతుల్లోంచి కర్ర తనే అందుకుని ఇంకో తిప్పు తిప్పాడు. సంచులతో గేటు దగ్గర నిలబడ్డ ప్రశాంతి, అక్కడి కొబ్బరిబోండాల బండి మీది కత్తి తీసుకుని పరుగున వచ్చింది. ఒక్క దెబ్బకు మోకు తెగలేదు. రెండో దెబ్బకు తెగింది. మెలిక మీదున్న కర్ర గిర్రున తిరిగి బాబూరావు మూతి మీద తగిలింది. ఆయన కూర్చుండిపోయాడు. పళ్ళు రేకు మీద వడగళ్ళలా దొర్లాయి. కారు ఒక్కసారిగా పైకి లేచింది. లేస్తూ ముందువైపు ఎక్కడో టక్కుమంది.

సుధీర్ బయటికి వచ్చేసరికి రొమ్ము మీద చర్మం లేదు. జాకీ రాడ్డు తీసుకుని కనిపించిన భుజం మీదల్లా వేశాడు. ఒకడి భుజం దిగిపోయింది. ఇంకొకడు గునపం వెనకవైపుతో అతని నడుం మీద పొడిచాడు. బాబూరావు నోటినిండా నెత్తురుతో లేచి, రెండు చేతులా సుధీర్ మెడ పట్టుకుని ట్రైలర్ రేకుకేసి మోదాడు. ప్రశాంతి బాబూరావు చెవి కొరికింది. నేను చెప్పు తీసి ఎవరు అందితే వాళ్ళను కొట్టాను, మా వాళ్ళకూ రెండు తగిలే ఉంటాయి. చివరికి ఎవరూ గెలవలేదు. అందరికీ ఊపిరి అయిపోయింది. ఎక్కడివాళ్ళక్కడ కూలబడి ఉమ్ముకున్నారు.

ముందు లేచింది సుధీరే. "కట్టండి. చక్రాలకే కట్టండి. బయల్దేరాలి" అన్నాడు.

"అల్లుడూ, ముందువైపు టక్కుమంది. నేను విన్నాను."

అతను వంగి, చక్రం వెనక చెయ్యి పెట్టి తడిమాడు. అదే చెయ్యి, అదే చోట.

"ఏం కాలేదత్తా."

"విప్పించి చూపించు. తెనాలినుంచి మెకానిక్‌ను పిలుద్దాం."

"టైం లేదు. అక్కడికెళ్ళి చూసుకుంటా."

"శ్యామ్‌కి కూడా అక్కడికెళ్ళే చూశావు."

కొట్టేస్తాడేమో అనుకున్నాను. కొడితే పడేదాన్ని. కొట్టలేదు. "పక్కకి జరుగత్తా" అన్నాడు అంతే. ఎక్కడానికి కుడిచెయ్యి ట్రైలర్ అంచు మీద పెట్టాడు.

సరుగుడు కర్ర నా కాళ్ళ దగ్గరే పడి ఉంది. రెండు చేతులా ఎత్తి, ఆ ముంజేతి మీద కొట్టాను. చెరుకుగడ విరిచినట్టు వినిపించింది. చాలదేమోనని మళ్ళీ ఎత్తాను, అక్కర్లేకపోయింది. సుధీర్ వేలాడుతున్న చేతిని చూసుకున్నాడు, నన్ను చూశాడు, మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ప్రశాంతి కేక మిల్లంతా మోగింది.

బాబూరావు మూతికి కండువా అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగాడు. "ఏం మనుషులమ్మా మీరు" అన్నాడు, పళ్ళు లేక గాలిపోతూ.

ఆయనే బండి తీశాడు మళ్ళీ. కారు దించే ఓపిక ఎవరికీ లేదు. మధ్యప్రదేశ్ పోవాల్సిన ట్రైలర్ కారుతో సహా రేపల్లె ఆసుపత్రి దాకా పోయింది. భుజం దిగినవాడూ, చెయ్యి విరిగినవాడూ చక్రాలకు ఆనుకుని పక్కపక్కనే కూర్చున్నారు. బెల్టులు కట్టలేదు. అయినా కారు కదల్లేదు, మంచి బండే.

మేళావాళ్ళు ఇంకొకణ్ణి పెట్టుకున్నారు. సుధీర్ ముంజేతిలో కొత్త కడ్డీ వేశారు. ప్రశాంతి నాతో మాట మానేసింది, కంచం మాత్రం చప్పుడయ్యేలా పెట్టేది. తెనాలినుంచి మెకానిక్ వెళ్ళి కారు ముందుభాగమంతా విప్పాడు. అతని కబురు వచ్చిన పూట ప్రశాంతి నోరు విప్పింది.

"అమ్మా, కారుకి ఏమీ కాలేదంట. ఎక్కడా వంగలేదంట. విన్నావా?"

నేను పొయ్యి దగ్గర ఉన్నాను. అట్టు తిరగేశాను.

"నీ మొగుడికీ ఏమీ కాలేదుగా."

గదిలోంచి సుధీర్ అన్నాడు, "చెయ్యి విరిగిందిగా అత్తా."

"విరిగింది అతుక్కుంటుంది. అట్టు చల్లారుతోంది, ఎడంచేత్తో తిను."