గళ్ళ చొక్కా మొనగాడు

నగరంలో గళ్ళ చొక్కాల మగాళ్ళు మూడు రకాలని ఒక బీమా ఆఫీసు గుమాస్తా బావమరిది తేల్చేశాడు: కొండెక్కి దిగినట్టుండేవాళ్ళు, కట్టెలు కొట్టి వచ్చినట్టుండేవాళ్ళు, గుర్రాన్ని గుమ్మంలో కట్టేసి వచ్చినట్టుండేవాళ్ళు. గుమాస్తా అయిన ఆ బావ మాత్రం మూడూ కలిపి కుట్టించుకున్న మనిషి. గుబురు గడ్డం, బండ బూట్లు, మోచేతుల పైకి మడిచిన ఎర్రగళ్ళ చొక్కా. ఇంతా చేసి ఆయన రోజంతా ఎత్తే బరువు టీ కప్పు. ఒక సాయంత్రం గాలివానకు ఆఫీసు గేటుకు అడ్డంగా పెద్ద కొమ్మ విరిగిపడింది. ఇంటికెళ్ళే దారి లేక అందరూ ఆగిపోయారు. వాచ్‌మన్ ఎక్కడినుంచో గొడ్డలి తెచ్చి, ఇంకెవరివైపూ చూడకుండా తిన్నగా ఆయన చేతిలో పెట్టాడు.

"మీరుండగా మాకేం భయం సార్!"

అందరూ భక్తిగా వెనక్కి జరిగారు. ఆయన గొడ్డలితోనే పక్కకెళ్ళి భార్యకు ఫోన్ చేశాడు.

"ఏమోయ్, గొడ్డలి ఏ చేత్తో పట్టుకోవాలి?"

"ఓరి నాయనో! ముందది కింద పెట్టండి, కాలిమీద వేసుకునేరు! నలుగుర్నీ పిలిచి కొమ్మ పక్కకి లాగండి" అందామె.

అందరూ లాగారు. ఆయనా లాగాడు. ఆ లాగుడులో భుజం దగ్గర చొక్కా పర్రున చిరిగింది. ఇంటికొచ్చాక భార్య సూదీ దారం తీస్తే ఆయన చొక్కా ఇవ్వలేదు.

"కుట్టకు. ఇన్నాళ్ళకి ఇది అసలైన చొక్కా అయింది" అన్నాడు.

మర్నాడు చిరుగు అందరికీ కనబడేలా భుజం ముందుకు పెట్టి ఆఫీసుకు నడిచాడు.