అత్తగారి మీద పొయ్యి

"వాతావరణ మార్పు గురించి రాయండి, కానీ అందులో మనుషులు కనబడాలండీ" అన్నారు ఆదివారం అనుబంధం చూసే ఎడిటరు గారు. మనుషులు లేకుండా నేనెప్పుడు రాశానని ఒళ్ళు మండింది. అయినా పిఠాపురంలో బస్సు మారి, సముద్రం కోసేస్తున్న ఒక జాలరి ఊరికి వెళ్ళాను. తొంభైల చివరి మాట.

ఒకావిడ నన్ను తన పాకలో పొయ్యి దగ్గర కూర్చోబెట్టి టీ పెట్టబోయింది. అగ్గిపుల్ల గీసే ముందు నేల వైపు వంగి, "వెలిగిస్తున్నానత్తా" అంది. పాకలో ఉన్నది మేమిద్దరమే.

"ఎవరితోనమ్మా?" అన్నాను.

"మా అత్తతోనండి. ఈ కిందే ఉంది."

నా కాళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. సంగతేమిటంటే, సముద్రం ముందుకొచ్చినప్పుడల్లా ఊరు వెనక్కి జరిగింది. ఊరి వెనక ఉన్నది శ్మశానం. పోయినవాళ్ళను పూడ్చిపెట్టడం వాళ్ళ ఆనవాయితీ. ఇంకెక్కడా చోటు లేక ఆ గోతుల మీదే పాకలు వేసుకున్నారు. పరాయివాళ్ళ మీద పొయ్యి పెట్టడానికి మనసొప్పక, ఈవిడ తన అత్తగారున్న చోటే అడిగి తీసుకుంది.

ఇప్పుడు కెరటం గుమ్మం దాకా వచ్చేసింది. రోడ్డు అవతలికి మారిపోవాలి. అత్తను కూడా తీసుకెళ్తానంటుంది. మూసిన గొయ్యి తెరవకూడదని మగవాళ్ళెవరూ గునపం పట్టలేదట.

"అమావాస్య పోటుకి ఇక్కడేం మిగలదండి. ముసల్దాన్ని ఒక్కత్తినీ సముద్రానికి ఒదిలేసి ఎలా పోనండి?" అంటూ టీ నా చేతికిచ్చి, పొయ్యి ఆర్పి, తనే తవ్వడం మొదలుపెట్టింది.

మిట్టమధ్యాహ్నం. నాకు చెమటలు పట్టాయి, ఎండకు మాత్రం కాదు. బాబోయ్, లేచి పారిపోదామనిపించింది. ఆవిడ ఒక్కతే తవ్వుతుంటే చూస్తూ కూర్చోలేక, గంప అందుకుని ఇసుక ఎత్తిపోశాను. మోకాలి లోతులోనే ఇసుక తడిగా వచ్చింది. ఇంకాస్త తవ్వితే అడుగునుంచి నీళ్ళు ఊరాయి. బయట కెరటం వెనక్కి లాగితే గుంటలో నీళ్ళు దిగుతున్నాయి. కెరటం వస్తే మళ్ళీ లేస్తున్నాయి.

ఆవిడ వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, "ఉప్పు" అంది. భుజం దాకా చెయ్యి పెట్టి దేవింది. ఎముక కాదు కదా, చీర పీలిక కూడా తగల్లేదు. సముద్రం కిందనుంచి వచ్చి ఎప్పుడో తీసుకుపోయింది.

గుంట అంచున చతికిలబడిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ మాత్రం ఏడవలేదు. ఆ నీళ్ళకేసే చూస్తూ మెల్లగా అడిగింది.

"మరైతే ఇన్నాళ్ళూ నా మాటలకి ఊఁ కొట్టిందెవరండీ?"