తాగని మజ్జిగ

కాట్రేనికోన దగ్గర కొబ్బరిపీచు తాళ్ళు పేనే వీరమ్మకు మనుషుల్ని తూచే తూకం ఒకటుండేది. ఇంటికొచ్చినవాడు విస్తరి ముందు కూర్చున్నాడా, మంచివాడు. వద్దన్నాడా, వాడి కడుపులో ఏదో ఉంది. "ఉప్పు తిన్నోడు ద్రోహం చెయ్యడు" అనేది. కాదన్నవాళ్ళనీ అనుమానించేది. అసలావిడ అనుమానించకుండా పక్కింటి పిల్లిని కూడా గుమ్మం దాటనిచ్చేది కాదు లెండి.

ఆ తూకంలో పెదబాబు చక్కగా తూగాడు. గల్ఫుకు ఆడవాళ్ళను పంపే ఏజెంటు, వరసకు తమ్ముడు. చీర అమ్ముకునైనా చీరమేను తినాలంటారు ఆ వైపు. ఆవిడ ఆ చేప వండిపెడితే బాసింపట్టు వేసుకు కూర్చుని, వేళ్ళు నాకుతూ తిన్నాడు. తొంభై ఎనిమిదిలో ఆవిడ ఒక్కగానొక్క కూతురు బేబిని కువైట్‌లో ఇంటిపనికి పంపాడు.

మొదట్లో బేబి వీధి చివరి ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసేది. రానురాను తగ్గించింది, ఆఖరికి మానేసింది. "పనెక్కువై ఉంటాదక్కా" అన్నాడు పెదబాబు, మారు వడ్డించుకుంటూ.

అప్పుడొచ్చింది రమణి. అమలాపురంలో మానవ హక్కుల సంఘమనీ, జీతం లేకుండా తిరుగుతామనీ చెప్పింది. జీతం లేకుండా ఎండలో తిరిగే మనిషిని వీరమ్మ అంతవరకు చూసి ఎరగదు.

"మీ అమ్మాయిని గదిలో పెట్టి తాళం వేస్తున్నారండీ. పాస్‌పోర్టు లాక్కున్నారు. ఆ వీధిలోనే పనిచేసి వచ్చినావిడ చెప్పేరు. మీరు ఫిర్యాదు మీద సంతకం పెడితే, అక్కడున్న మావాళ్ళు మన ఎంబసీతో మాట్లాడతారు" అంది రమణి.

వీరమ్మ లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చింది. రమణి చేయి అడ్డం పెట్టింది.

"ఏమీ అనుకోకండి. ఎవరి కోసం పనిచేస్తామో ఆళ్ళింట్లో ఏమీ పుచ్చుకోమండీ. రేపెవరూ మమ్మల్ని వేలెత్తి చూపకూడదు కదా."

అంతే, తూకం ముల్లు తిరిగిపోయింది. మా ఇంటి మజ్జిగ పనికిరాదు గాని మా పిల్ల కబుర్లు కావాలా? వీరమ్మ సంతకం పెట్టలేదు సరికదా, రమణి వీధి మలుపు తిరగ్గానే వెళ్ళి అంతా పెదబాబు చెవిన వేసింది.

"మంచిపని చేసేవక్కా. ఆళ్ళు కేసులేసి బతికేవోళ్ళు" అని, ఒక్క క్షణం ఆగి, "ఇంతకీ ఆ కబురు చెప్పిందెవరో అడిగేవా?" అన్నాడు.

కొద్దిరోజులకే బూతు నుంచి పిలుపొచ్చింది. గది తాళం తీసిన కాసేపట్లో దొంగచాటుగా ఫోనందుకుని, బేబి గుసగుసగా మాట్లాడింది.

"అమ్మా, మనింటికెవరో వచ్చేరని మావయ్యకి చెప్పేవంటగా? ఆయన ఇక్కడికి ఫోన్ చేసేడు. నన్నిప్పుడు ఇల్లు మార్చేస్తన్నారు. ఎక్కడికో తెలీదమ్మా."

లైను తెగిపోయింది. వీరమ్మ బూతు మెట్ల మీద కూలబడి తల బాదుకుంది. కన్నకూతుర్ని పట్టించింది తన నోరే. ఆ పూటే బస్సెక్కి రమణి దగ్గరికి వెళ్ళి సంతకం పెట్టింది.

"మిమ్మల్ని నమ్మి కాదండీ వచ్చింది. ఇంకెవరూ లేక వచ్చేను" అంది.

"ఆయ్, పర్లేదండీ. అనుమానం వచ్చినప్పుడల్లా వచ్చి అడగండి" అంది రమణి. వీరమ్మ నిజంగానే వారం వారం వెళ్ళి అడిగింది.

బేబిని వెతికి పట్టుకోవడానికి ఏడాది పైనే పట్టింది. అక్కడ సెలవుపూట తిరిగి వెతికినవాళ్ళలో ఒక మలయాళీ నర్సు, ఒక డ్రైవరు ఉన్నారట. వాళ్ళ ముఖాలు వీరమ్మ ఈనాటికీ ఎరగదు. బేబి ఇల్లు చేరింది గాని, గడియ చప్పుడైతే ఇప్పటికీ ఉలిక్కిపడి లేస్తుంది. పెదబాబు ఏజెంటుగిరీ మాత్రం సాగుతూనే ఉంది.

తరవాత వీరమ్మే సంఘం తరఫున ఊళ్ళు తిరగసాగింది. ఒకసారి అల్లవరం వైపు సత్యనారాయణమ్మ ఇంటికి వెళ్ళింది. మస్కట్ వెళ్ళిన ఆవిడ కూతురి జాడ తెలియడం లేదు. సత్యనారాయణమ్మ మజ్జిగ తెచ్చింది. వీరమ్మ చేయి అడ్డం పెట్టింది. ఎదుటి ముఖం ముడుచుకుపోయింది. ఆ ముఖం వీరమ్మకు బాగా తెలుసు.

"మా ఇంట్లో పుచ్చుకోరా అండీ? మా పిల్లని పంపిన పెదబాబుగారైతే శుభ్రంగా భోంచేసి వెళ్ళేరు."

"మా ఇంట్లోనూ భోంచేసేడమ్మా" అంది వీరమ్మ. "నేనే కొసరి కొసరి వడ్డించేను. తిని లేచి, నా పిల్లని తాళం వేసే ఇంటికి పంపేడు."

సత్యనారాయణమ్మ గ్లాసు కింద పెట్టింది. వీధిలోకి తొంగిచూసి, తలుపు దగ్గరగా వేసింది.

"మజ్జిగకని లోపలికెళ్ళినప్పుడే, మీరొచ్చేరని పెదబాబుగారికి కబురంపేసేనండీ" అంది. "వచ్చేస్తా ఉంటారు."

వీరమ్మ లేవలేదు. "రానీండి. ఈసారి నేనున్నాను కదా. ఈలోగా మీ అమ్మాయిని మొదట ఏ ఇంటికి పంపేడో చెప్పండి" అంది.