తాబేలు దొడ్డి కింది తూము

మా చిన్నప్పుడు... బేతంచెర్లలో మా పెరట్లో ఒక తాబేలు ఉండేది. వీపు మీద పసుపు చారలున్న మెట్ట తాబేలు. గని కాడ దొరికిందని నాయన తువ్వాల్లో చుట్టి తెచ్చినాడు. మా అవ్వ చూసి చేతులు జోడించింది. "కూర్మావతారం నడిచొచ్చి మనింట్లో దిగింది" అంది. ఇక అది తాబేలు కాదు... స్వామి.

నాయనది బండల వ్యాపారం. నాలుగు పలకలు నిలబెట్టి దొడ్డి కట్టినాడు, అడుగున బండ పరిచినాడు. అవ్వ రోజూ పొద్దున్నే దాని మీద బిందెడు నీళ్లు పోసి, పసుపు కుంకుమ పెట్టేది. ఆ నీళ్లు బండ కింద నిలిచి వాసనొచ్చినాయి. తాబేలు ముడుచుకుపోయింది. మెట్టన తిరిగేదానికి తడి పడదు కదా...

నాయన బండ లేపి, కింద రాతిముక్కలు నింపి, బండను వాలుగా పెట్టి, గోడ తొలిచి వీధిలోకి తూము తీసినాడు. "స్నానం మాన్పించలేను, నీళ్లన్నా పోనీ" అన్నాడు. స్వామి మళ్లీ తలకాయ బయట పెట్టి తోటకూర తిన్నాడు.

ఆ ఎండాకాలం బావులు అడుగంటినాయి. ఆడవాళ్లు బిందెలెత్తుకొని నీళ్లకు రైల్వే స్టేషన్ దాకా పోయేవాళ్లు. మాకు మాత్రం బండి మీద నీళ్ల పీపా వచ్చేది. అవ్వ స్వామి స్నానం మానలేదు.

ఒక పొద్దున వీధిలోకి పోతే... పక్కింటి హుసేనమ్మ మా తూము కింద చట్టి పెట్టుకొని కూర్చోనుంది.

"ఏం చేస్తాండావు అత్తా?"

"మీ స్వామి స్నానం ఎప్పుడైతాదా అని కాచుకోనుండా పాపా. నా మేకకు శానా దప్పిక. మీ పసుపునీళ్లు తాగి తాగి అది కూడా భక్తురాలైపోయింది!"

ఆ మాట ఇంట్లో చెప్పి నవ్వినాను. అవ్వ నవ్వలేదు. "వీధంతా మన నీళ్లే చూస్తాండారా!" అంది. స్నానం మానేస్తుందేమో అనుకున్నాను... పాత చీర చింపి, ఉండ చుట్టి, లోపలి నుంచి తూములో కుక్కింది. నాయన సరుకుతో పొరుగూరు పోయినాడు. అమ్మ చూసింది, నేను చూసినాను. ఎవరి పనికి వాళ్లం పోయినాము.

బండ కింద మళ్లీ నీళ్లు నిలిచినాయి. తాబేలు ఆకు ముట్టలేదు. కళ్లు అంటుకుపోయినాయి. "స్వామి జపంలో ఉండాడు" అంది అవ్వ, నా ముఖం చూడకుండా. ఇంటికి పెద్దపిల్లను... తమ్ముళ్లు అడిగితే నేనూ అదే చెప్పినాను.

అప్పుడొచ్చింది హుసేనమ్మ మా పెరట్లోకి, ఖాళీ చేతులతో. "అవ్వా, తూములో ఎలుకేదో చచ్చి అడ్డం పడినట్టుండాది. నీళ్లు రావడంల్యా. లోపల మీ స్వామికి తడి ఎక్కువైతాది, ఉండు, నేను తీస్తా."

"వద్దులేమ్మీ..." అని అవ్వ అనేలోపే కొంగు దోపుకొని కూర్చుంది. తూములో చెయ్యి పెట్టి లాగింది.

ఎర్రంచు చీర పీలిక. ఆ చీర అవ్వ ఒంటి మీద వీధంతా చూసిందే.

హుసేనమ్మ పీలికను చూసింది. అవ్వను చూసింది. నీళ్లు బుడబుడమని వీధిలోకి పోతున్నాయి... ఆమె చట్టి కోసం లేవలేదు. గుడ్డను పిండి, దులిపి, మా గోడ మీద ఆరేసింది.

"గుడ్డ ఇంకా గట్టిగానే ఉండాది అవ్వా. పారేయొద్దు" అని వెళ్లిపోయింది.

నాయన వచ్చినాక తాబేలును మళ్లీ ఆ గని కాడి మెట్టలోనే వదిలినాడు. కాసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా నడుచుకుంటూ పోయింది. మర్నాడు అవ్వ, స్వామి స్నానపు బిందె నిండా నీళ్లు నా నెత్తిన పెట్టి హుసేనమ్మ ఇంటికి పంపింది. ఆమె కాదనకుండా తీసుకుంది. కానీ మేక భక్తి సంగతి మాతో మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు...

ఇప్పుడు కొళాయి తిప్పితే నీళ్లు. వాకిలి కడిగితే గేటు కింద నుంచి రోడ్డు దాకా పారతాయి. ఆ చివర ఎవరూ చట్టి పెట్టుకొని కూర్చోరు. అయినా పూజ చేసి నీళ్లు విడిచేటప్పుడు, దేవుడి ముఖం కంటే ముందు గోడ మీద ఆరుతున్న ఆ ఎర్రంచు పీలిక కనబడుతుంది... తల ఎత్తలేను.

మీ ఇంటి తూముకు అవతల ఎవరుండేవాళ్లు? గుర్తుంటే రాయండి...